ఏమిటీ అవతారం

డండీలో మా ఆఫీసు ఒకప్పటి జనపనార మిల్లు.
గోనెసంచులు కుట్టిన మూడో అంతస్తులో
ఇప్పుడు ఆటలు కుడుతున్నాం.
కిటికీకి అవతల టే నది, నది మీద మంచు,
గట్టు మీద నా డబ్బా మూత ఎప్పుడు తీస్తానా అని
ఒంటికాలి మీద సీగల్.

నా పని చిన్నది.
ఆడేవాళ్ళ పేరు పక్కన గుండ్రటి చోటు,
అరవై నాలుగు పిక్సెళ్ళు,
అందులో ఎవరి బొమ్మ వాళ్ళకి.
జావాస్క్రిప్టే కదా, రెండు వారాలు చాలన్నాను.

కన్సోల్ జ్ఞాపకం పిసినారి ఇంటి నెయ్యిగిన్నె.
నలభై బొమ్మలు పడేసరికి ఊపిరి బిగబడుతుంది.
టీవీ అంచు ఒక చెవి మింగేస్తుంది.
గుండ్రంగా కత్తిరిస్తే కొమ్ములున్నవాడికి కొమ్ములుండవు.
ఒక్కో బొమ్మకీ కోడ్ ఒక ప్రామిస్ రాసిస్తుంది:
వస్తే వస్తుంది, రాకపోతే రానని తేల్చి చెబుతుంది,
ఈ రెండూ కాకుండా
పెళ్ళిచూపులకొచ్చిపోయినవాళ్ళలా
కబురు చేస్తాం అంటూ వేలాడేదే
మనిషిని తినేది.

రానివాళ్ళకి బూడిదరంగు నీడ.
ఒక తల, రెండు భుజాలు,
పోలీసుల ప్రకటనలో గుర్తుతెలియని వ్యక్తిలా.

మొదటి రాత్రి అన్నీ నీడలే.
పన్నెండు మంది ఆటగాళ్ళు, ఇరవై నాలుగు బూడిద భుజాలు.
"ఏమిటీ అవతారం!" అన్నాను తెలుగులో,
వానలో తడిసొచ్చిన నన్ను మా అమ్మ అన్నట్టే.
పక్క బల్ల దగ్గర ఐలీకి ఒక్క ముక్కే అందింది.
"అవును, అవే రావట్లేదు" అంది.

చిరునామా చివర ఒక గీత ఎక్కువైందట.
తీసేశాను. ఒక్కొక్కరే వచ్చారు.
నక్క. ట్రాక్టరు. ఎవరిదో నిద్రపోతున్న కుక్క.
ఏడోచోట
కళ్ళజోడు పెట్టుకున్న ఉడకేసిన గుడ్డు.

ఇన్నెస్.
పదకొండేళ్ళు టెస్టింగులో ఉన్నాడు.
నా కోడ్‌లో తప్పు దొరికితే నోరెత్తేవాడు కాదు,
నా బల్ల మీద ఒక బిస్కట్ పెట్టి వెళ్ళేవాడు.
బిస్కట్ చూస్తేనే గుండె జారేది.
మార్చిలో అవతారం చాలించాడు.
ఈ మాట మాత్రం ఐలీకి విడమరిచి చెప్పలేదు.

సర్వర్లో అతని ఖాతా ఎప్పుడో తీసేశారు.
టెస్టు గదిలో ఈ ఒక్క కన్సోల్
పాత బొమ్మని ఇంకా పట్టుకుని ఉంది,
కరెంటు ఉన్నన్నాళ్ళూ పట్టుకుంటుంది.
స్విచ్ మీద కాగితం అంటించాను: ఆపొద్దు.
ఎందుకో రాయలేదు. ఎవరూ అడగలేదు.

నవంబరులో గాలివాన.
వీధి వీధంతా అరగంట చీకటి.
కరెంటొచ్చాక నక్క వచ్చింది, ట్రాక్టరు వచ్చింది,
కుక్క నిద్ర లేవకుండానే వచ్చింది.
ఏడోచోట బూడిద భుజాలు.

కాగితం పీకేశాను.
జిగురు మరక గోటితో గీకినా పోలేదు.

ఆ రాత్రి ఒకే ఒక్క లైను మార్చాను,
బొమ్మ రాకపోతే ఏ బొమ్మ చూపాలో చెప్పే లైను.
పాత మెయిల్లో దొరికిన గుడ్డుని అక్కడ కూర్చోబెట్టి
ఐలీకి పంపాను, కారణం రాయాల్సిన గడి ఖాళీగా వదిలి.
చాలాసేపు చూసిందని తెలుసు,
కిర్రుమనే ఆమె కుర్చీ కిర్రుమనలేదు.
తర్వాత ఒక్క వాక్యం వచ్చింది:
"కొంచెం కిందికి జరుపు, నెత్తి తెగుతోంది."
జరిపాను.

ఆట బయటికొచ్చింది.
నెట్ సరిగా అందనివాళ్ళు,
బొమ్మ ఇంకా ఎంచుకోనివాళ్ళు,
పేరు మించి ఏమీ చెప్పుకోదలచనివాళ్ళు,
అందరూ కాసేపు కళ్ళజోడు గుడ్లే.

ఇవాళ పొద్దున ఫైఫ్ నుంచి ఫిర్యాదు,
రాసినవాడికి తొమ్మిదేళ్ళు:
"నేను గుడ్డునెందుకయ్యాను?"

జవాబివ్వాల్సింది నేనే. ఇంకా ఇవ్వలేదు.
తప్పు పట్టాడు కదా,
డబ్బాలోంచి ఒక బిస్కట్ తీసి
నా బల్ల మీద నేనే పెట్టుకున్నాను.